లిండెవార్డ్ జెండాలో చేప

అయోవా వెళ్తున్నానంటే మా హాస్పిటల్లో ఒక్కరూ నమ్మలేదు. సెలవు పెట్టుకుని ఎవరైనా ఫ్లోరిడా వెళ్తారు, లేకపోతే నయాగరా చూడటానికి వెళ్తారు. మొక్కజొన్న చేలు చూడటానికి ఎవరు వెళ్తారని నర్సులు నవ్వారు. మావారు ప్రసాద్ కూడా అదే మాట అన్నారు. కాకపోతే ఆయన అన్నది కారు షికాగో దాటి హైవే ఎక్కాక. అప్పటికి వెనక్కి తిప్పే ప్రశ్నే లేదు.

ఈ ప్రయాణానికి కారణం హెండ్రికా అనే డచ్చి ముసలావిడ. పంతొమ్మిది వందల ఎనభైలు మొదలైన రోజులవి. ఆవిడ మోకాలి ఆపరేషన్ కోసం షికాగోలో ఉన్న కూతురి దగ్గరికి వచ్చింది. మత్తు ఇచ్చే డాక్టర్ని నేను. వెన్నులో సూది వేసి, నడుం కింది భాగం మొద్దుబారేదాకా కబుర్లు చెబుతుంటే ఆవిడ భయపడటం మానేసి నా కథ అడగడం మొదలుపెట్టింది. ఆపరేషన్ గదిలో అందరిలాగే ఆకుపచ్చ బట్టల్లో ఉంటాను. మర్నాడు వార్డులో చీరలో చూసేసరికి ఆవిడ అంచు పట్టుకుని, కుట్టు పరీక్షగా చూసి, "ఇది చేత్తో కుట్టింది కాదు, నేసిందే" అని తేల్చేసింది. ఆ అంచు దగ్గరే స్నేహం కుదిరింది.

ఇంటికి వెళ్ళేముందు ఆవిడ నన్ను వాళ్ళ ఊరికి పిలిచింది. ఊరి పేరు లిండెవార్డ్. హాలండులో ఒక నది ఒడ్డున అదే పేరుతో చిన్న మునిసిపాలిటీ ఉంది. అక్కణ్ణించి వచ్చినవాళ్ళే అయోవాలో ఈ ఊరు కట్టుకుని, పాత పేరే పెట్టుకున్నారు. హెండ్రికా పుట్టింది ఆ పాత లిండెవార్డ్‌లోనే. ఆరేళ్ళప్పుడు అమ్మానాన్నలతో ఓడ ఎక్కింది. మళ్ళీ వెళ్ళలేదు. ఆ మే నెలలో మొదటిసారి పాత ఊరి మేయరు కొంతమందిని వెంటబెట్టుకుని కొత్త ఊరు చూడటానికి వస్తున్నాడు. ఆ రోజు ఎగరెయ్యడానికి పాత ఊరి జెండాని ఆడవాళ్ళందరూ కలిసి కుడుతున్నారు. వాళ్ళకి పెద్ద హెండ్రికా.

"మావాళ్ళు వస్తున్నారు, డాక్టర్. అరవై ఏళ్ళకి మావాళ్ళు వస్తున్నారు" అందావిడ. ఇంగ్లీషులో చెప్పినా నాకు అది పుట్టింటివాళ్ళు వస్తున్నారన్నట్టే వినపడింది. ఇంక వెళ్ళకుండా ఎలా ఉంటాను?

మిసిసిపి దాటాక

గురువారం పొద్దున బయలుదేరాం. మధ్యాహ్నానికి మిసిసిపి వంతెన ఎక్కాం. నాది రాజమండ్రి. ఏ నది కనపడినా గోదావరితో పోల్చి తక్కువ చెయ్యడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. మావారిది నెల్లూరు, సివిల్ ఇంజనీరు. ఆయన చూపు నీళ్ళమీద ఉండదు, వంతెన స్తంభాల మీద ఉంటుంది.

"చూశారా, ఎంత సన్నగా ఉందో?" అన్నాను.

"సుగుణా, నువ్వు వరద టైంలో గోదావరిని చూసి, దీన్ని నార్మల్ ఫ్లోలో కంపేర్ చేస్తున్నావు. అది ఫెయిర్ కాదు" అన్నారాయన. నదుల విషయంలో న్యాయం నాకెందుకు?

అవతలి ఒడ్డున రెస్ట్ ఏరియాలో బల్లమీద పులిహోర, పెరుగన్నం విప్పాం. పక్క బల్ల దగ్గర ఓవరాల్స్ వేసుకున్న ఒక పెద్ద రైతు తన శాండ్‌విచ్ తింటూ మా డబ్బాకేసి చూస్తున్నాడు. మనకి ఎదుటివాళ్ళకి పెట్టకుండా తినే అలవాటు లేదు కదా, కాగితం ప్లేటులో కొంచెం పెట్టి ఇచ్చాను. మిరపకాయ పక్కన పెట్టమని చెప్పేలోపే దాన్ని నమిలేశాడు. మొహం ఎర్రబడింది, కళ్ళనీళ్ళు కారాయి. థర్మాస్‌లో ఉన్న మా మజ్జిగంతా ఆయనకే పోయింది.

ఊపిరి తిరిగాక ఆయన మర్యాదగా "బాగుంది. కానీ మీ ఊళ్ళో దీన్ని రోజూ తింటారా?" అని అడిగాడు. రోజూ కాదు, పండక్కి అన్నాను. పండగరోజున కూడా ఎందుకు శిక్ష వేసుకుంటారన్నట్టు చూశాడు. మేము వెళ్ళేది లిండెవార్డ్‌కని తెలిశాక, ఆదివారం అక్కడ కారుకి గ్యాస్ కూడా అమ్మరు, శనివారమే ట్యాంకు నింపుకోండని సలహా చెప్పి వెళ్ళాడు. మజ్జిగ బాకీ అలా తీరింది.

సాయంత్రం దారిలో ఒక చిన్న హోటల్లో రూబార్బ్ పై అని ఒకటి తిన్నాం. ముక్క డాలర్‌లోపే. గోంగూర కాడల్లో పంచదార పోసి ఉడకబెట్టి, రొట్టెలో పెట్టి కాల్చినట్టు ఉంది. నాకు నచ్చింది. మావారు గోంగూరకి జరిగిన అవమానంగా భావించి సగంలో వదిలేశారు.

కడిగిన వీధి

లిండెవార్డ్ మోటెల్లో రాత్రికి ఇరవై డాలర్లు. గది చూసి అది తక్కువే అనిపించింది, బాత్‌రూం అద్దం మీద వేలిముద్ర కూడా లేదు. ఆ శుభ్రం మోటెల్‌ది కాదు, ఊరిదని శుక్రవారం పొద్దున తెలిసింది. మెయిన్ స్ట్రీట్ మొత్తాన్ని జనం చీపురుకట్టలతో, బక్కెట్లతో కడుగుతున్నారు. మగవాళ్ళు కూడా. బ్యాంకు మేనేజరు ఒకవైపు, కసాయి కొట్టతను ఒకవైపు. అతిథి వచ్చేముందు వీధి కడగడం వాళ్ళ పాత దేశపు ఆచారమట. మనం వాకిట్లో కళ్ళాపి జల్లుతాం, వీళ్ళు వీధి చివరిదాకా వెళ్ళారు. ముగ్గు ఒక్కటే తక్కువ.

చాలామంది కాళ్ళకి చెక్కబూట్లు ఉన్నాయి. మన పావుకోళ్ళకి ముందూ వెనకా కప్పు వేసినట్టుంటాయి. ఒకావిడ బలవంతం చేస్తే నేనూ తొడుక్కున్నాను. నాలుగడుగులు బానే వేశాను. ఐదో అడుగుకి చీర కుచ్చిళ్ళు బూటు కిందికి వెళ్ళాయి. కడిగిన నీళ్ళలో కూర్చున్నాను. లేపడానికి నలుగురు వచ్చారు. మావారు కెమెరా తీశారు. ఆ ఫొటో ఎక్కడుందో నాకు తెలుసు, పాఠకులకి మాత్రం చెప్పను.

వీధి మూలన ఒక బండి దగ్గర జనం వరసలో నిలబడి ఉంటే వెళ్ళి చూశాం. నల్లటి ఇనుప పెనం, దానికి గుంటలు, గుంటల్లో పిండి. అచ్చం మన గుంతపొంగణాలు! పుల్లతో తిప్పడం కూడా మా అమ్మమ్మ తిప్పినట్టే. కాకపోతే పైన వెన్న, పొడి పంచదార. ఇందులో ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేస్తే ఇంకా బాగుంటుందని చెప్పాను. బండి ఆవిడ చాలా జాలిగా నవ్వింది.

హెండ్రికా ఇంట్లో

హెండ్రికా ఇంటి కిటికీలకి పరదాలు వెయ్యదు. దాచుకోవలసిందేమీ లేదని చెప్పడానికట. ముందుగది మధ్య బల్లమీద జెండా పరచి ఉంది. పైన నీలం, మధ్య తెలుపు, కింద నీలం. తెలుపు మధ్యలో డాలు ఆకారం, అది నిలువునా రెండు సగాలు. ఒక సగంలో ఎరుపు మీద తెల్లటి కోటబురుజు. రెండో సగంలో నీలం మీద తెల్లటి చేప.

"సాల్మన్. సముద్రంలోంచి నదికి ఎదురీది మా ఊరిదాకా వచ్చేది. మా తాతలంతా దానిమీదే బతికారు" అందావిడ.

నేను వెంటనే పులస గురించి చెప్పాను. అదీ సముద్రంలోంచి గోదావరికి ఎదురీది వచ్చేదేనని, దానికోసం మా ఊళ్ళో మర్యాదస్తులు కూడా కొట్లాడుకుంటారని. ఆవిడ చాలా సంతోషించింది. "అయితే నీకు అర్థమవుతుంది. బురుజు తర్వాత కట్టింది. చేప ముందు. అందుకే గౌరవస్థానం చేపకి, కుడివైపు" అంది.

కుట్టు గురించి చెప్పాలి. గుడ్డమీద గుడ్డ అతికించలేదు. తెల్లగుడ్డని కత్తిరించి, ఆ కంతలో రంగుగుడ్డ ఇమిడ్చి, వెనకనించి చూసినా బొమ్మ అంతే తేటగా కనపడేట్టు సన్నగా కుట్టారు. చేపకి పొలుసులు ఒక్కొక్కటే. చలికాలమంతా పట్టిందట. పాత ఊరి ఆఫీసుకి ఫోన్ చేసి, జెండా వివరం చదివించుకున్నది హెండ్రికాయే. ఊళ్ళో డచ్చి బాగా వచ్చినవాళ్ళలో మిగిలింది ఆవిడే. బొమ్మ పంపమని అడగలేదా అంటే ఆవిడకి పౌరుషం వచ్చింది.

"మా ఊరి జెండా బొమ్మ నేనెలా అడుగుతాను? పుట్టిన ఊరి జెండా తెలియదా అనరూ? చిన్నప్పుడు వంతెన మీద రోజూ చూశాను. నాకు నీలం గుర్తుంది" అంది. బల్లమీద జెండా అంచు సర్ది, "నీలం ఒక్కటే గుర్తుంది" అంది.

చర్చి కింద భోజనం

ఆ సాయంత్రం చర్చి నేలమాళిగలో అతిథులకి విందు. బఠాణీల సూప్ అంటే శాకాహారమని సంబరపడ్డాను. గరిటె వేస్తే పందిమాంసం ముక్కలు తేలాయి. రొట్టె, వెన్న, ఉడికిన బంగాళాదుంపలతో సరిపెట్టుకున్నాను. మావారు నా సూప్ కూడా తాగారు.

పాత ఊరి మేయరు సరిగ్గా నాకెదురుగా కూర్చున్నాడు. పొడుగ్గా, సన్నగా ఉంటాడు, తక్కువ మాట్లాడతాడు. ఎవరు ఏ మాట చెప్పినా నవ్వి, వెంటనే కంచంలోకి చూసుకుంటున్నాడు. ప్రయాణం బడలిక అనుకున్నాను. మెడలో వెండి గొలుసు ఉంది, మన పెళ్ళిళ్ళలో కాసులపేరంత వెడల్పు. డచ్చి మేయర్లు పెద్ద సందర్భాల్లో అది వేసుకుంటారట. గొలుసుకి పతకం, పతకం మీద ఊరి డాలు.

అందులో చేప నా ఎడమచేతివైపు ఉంది. మధ్యాహ్నం బల్లమీద చూసిన జెండాలో నా కుడిచేతివైపు ఉంది.

జరిగింది నాకు వెంటనే అర్థమైపోయింది. డాలు కుడి అంటే చూసేవాడి కుడి కాదు, డాలు పట్టుకున్నవాడి కుడి. గుళ్ళో పూజారి స్వామికి ఎడమపక్కన అమ్మవారు అంటే మనం స్వామి ఎడమే చూస్తాం, మన ఎడమ చూడం. ఎక్స్‌రే ఫిల్ము ముందు నిలబడ్డా అంతే, కుడి అంటే రోగి కుడి. ఇది మరిచిపోయిన డాక్టరు బాగున్న మోకాలు కోస్తాడు. కానీ చలికాలమంతా కిటికీ పక్కన కూర్చుని కుట్టిన ఆ ఆడవాళ్ళకి ఎవరు చెబుతారు? ఫోన్‌లో కుడివైపు అన్నారు, వాళ్ళు తమ కుడివైపు కుట్టారు.

చెప్పాలా వద్దా అని మావారిని తెలుగులో అడిగాను. "నోరు మూసుకుని పొటాటోలు తిను" అన్నారు. అది నాకు చేతకాదు. రేపు పొద్దున అందరిముందూ తెలియడం కన్నా ఇప్పుడు తెలియడం మేలు కదా. వంటింట్లోకి వెళ్ళి హెండ్రికాకి చెప్పాను.

ఆవిడ కాఫీ కెటిల్ తీసుకుని బయటికి వెళ్ళింది. మేయరు కప్పులో పోస్తూ పతకం మీదికి వంగింది. కాఫీ సాసర్లోకి పొర్లింది. తిరిగి వచ్చి కెటిల్ కిందపెట్టి, గోడవైపు తిరిగి నిలబడింది.

"రెండుసార్లు అడిగాను. కుడివైపే అన్నారు. ఎవరి కుడి అని అడగాలని నాకు తోచలేదు" అంది. "ఇంతదూరం వచ్చారు. రేపు తలెత్తి చూస్తారు. ఆరేళ్ళకే ఊరొదిలేసిన పిల్ల, దీనికి మన గుర్తు ఏం తెలుస్తుందిలే అనుకుంటారు. నిజమే కదా, నాకు తెలియలేదు."

జెండా ఎగరెయ్యకుండా ఆపేద్దామంటే కార్యక్రమం అంతా దాని చుట్టూనే ఉంది. విప్పి మళ్ళీ కుట్టడం పొద్దుటికి అయ్యే పని కాదు. తిప్పి అవతలి అంచుకి తాడు కడదామంటే, ఆ అంచు పక్షితోకలా చీల్చి కుట్టారు. అంతవరకు వచ్చాక మావారి ఇంజనీరు బుర్ర పనిచేసింది.

"సుగుణా, ఇది వెరీ సింపుల్. ఫ్లాగ్‌కి రెండు సైడ్లు ఉంటాయి కదా? వెనకనించి చూస్తే చేప కరెక్ట్ ప్లేస్‌కి వచ్చేస్తుంది. కుర్చీలు పోల్‌కి అటుపక్కకి మూవ్ చేస్తే చాలు."

"గాలి మారితే జెండా కూడా తిరుగుతుంది కదండీ?"

"రేడియోలో వెదర్ విన్నాను. రేపు మధ్యాహ్నం దాకా వెస్ట్ విండే అన్నాడు."

"ఆ రేడియోవాడే ఇవాళ వాన అన్నాడు" అన్నాను. అయినా ఇంకో దారి లేదు. ఇంగ్లీషులో హెండ్రికాకి చెప్పాం. ఆవిడ కడిగిన కెటిల్‌నే మళ్ళీ కడిగి బోర్లించి, సరే అంది. అబద్ధం ఆడటం అలవాటులేని మనిషని ఆ సరే అనడంలోనే తెలిసిపోయింది.

నీడ కోసం

శనివారం పొద్దున టౌన్‌హాల్ ముందు పచ్చికలో కుర్చీలు జెండాకర్రకి దక్షిణం వైపు వేసి ఉన్నాయి. వాటన్నిటినీ ఉత్తరం వైపు మార్చాలని హెండ్రికా ఈ ఊరి మేయరుకి చెప్పింది. ఆయనకి హార్డ్‌వేర్ షాపు ఉంది, లెక్క ప్రకారం నడిచే మనిషి. మైకు వైరు అటువైపుకి చాలదు, ఎందుకు మార్చాలన్నాడు.

"అటు మేపుల్ చెట్ల నీడ ఉంది. ముసలివాళ్ళం" అంది హెండ్రికా. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ ఆయన మొహం చూడలేదు.

ఆదివారం చర్చికి కట్టుకునే మంచిబట్టల్లో ఉన్న జనం గొణుక్కుంటూ కుర్చీలు మోశారు. మావారు సొంత ఇంట్లో కాఫీ కప్పు కూడా తియ్యరు, అక్కడ చేతికి రెండేసి కుర్చీలు మోశారు. బ్యాండు వాయించారు. జెండా పైకి వెళ్ళింది. పడమటిగాలికి విప్పుకుంది. చేప మా ఎడమచేతివైపు, పతకంలో ఉన్నట్టే ఉంది. హెండ్రికా నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

అతిథి మేయరు మాట్లాడటానికి లేచాడు. ఇంగ్లీషు నెమ్మదిగా, ఒక్కొక్క మాట ఎంచి మాట్లాడాడు. నది గురించి, పడవల రేవు గురించి, సాల్మన్లు ఎలా తగ్గిపోయాయో చెప్పాడు. ఇంతలో మేపుల్ ఆకులు చప్పుడు మాని, ఒక్క క్షణం ఆగి, రెండోవైపుకి వంగాయి. నేను మావారికేసి చూశాను. ఆయన ఆకాశంకేసి చూస్తున్నారు, రేడియోవాడు పైన ఎక్కడో ఉన్నట్టు.

జెండా కర్రకి చుట్టుకుని, విడివడి, అటుతిరిగి పరుచుకుంది. చేప కుడికి వచ్చేసింది.

మేయరు మాట మధ్యలో ఆపేశాడు. తల ఎత్తి చూస్తూ ఉండిపోయాడు. ఈ ఊరివాళ్ళకి ఎందుకు ఆగాడో అర్థం కాలేదు. హెండ్రికా నా చెయ్యి వదిలి, చేతికర్ర ఊతంగా లేచి నిలబడింది.

"అది తప్పుగా కుట్టాను" అంది అందరికీ వినపడేట్టు. "చేప అవతలివైపు ఉండాలి. ఫోన్‌లో విన్నది నేను, తప్పుగా అర్థం చేసుకున్నది నేను. అది కనపడకూడదనే మీ కుర్చీలు మార్పించాను. నీడకోసం కాదు."

ముందురోజు నోరు మూసుకోనందుకు నన్ను నేను తిట్టుకున్నాను.

మేయరు గొలుసు సర్దుకున్నాడు.

"నేను కూడా ఒక సంగతి చెప్పాలి. రెండు రోజులుగా చెప్పలేకపోతున్నాను" అన్నాడు. "మా లిండెవార్డ్‌ని పక్కన ఉన్న రెండు మునిసిపాలిటీలతో కలిపేస్తున్నారు. వచ్చే జనవరి నుంచి ఆ పేరుతో మునిసిపాలిటీ ఉండదు. నది ఉంటుంది, ఇళ్ళుంటాయి. కొత్తదానికి కొత్త జెండా గీయిస్తున్నారు. అందులో చేప లేదు, బురుజూ లేదు. ఆఖరి మేయర్ని నేనే. కాబట్టి మేడం, ఇకమీదట ఈ జెండా ఎగిరేది ప్రపంచంలో మీ ఊళ్ళోనే. మీరెలా కుడితే అదే సరి."

జనం లేచి చప్పట్లు కొట్టారు. కొందరు ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. మావారు కూడా ఊపిరి వదిలి కొట్టారు. నాకూ మంచిమాట అన్నాడనే అనిపించింది, ఇక్కడితో అంతా సర్దుకుందనుకున్నాను.

హెండ్రికా మాత్రం కూర్చోలేదు.

"కాదు" అంది. చప్పట్లు ఆగాయి. "అక్కడ ఇంకొకటి ఉన్నంతకాలం ఇక్కడ తప్పున్నా ఫరవాలేదు, చూసి దిద్దుకుంటాం. ఉండేది ఇదొక్కటే అయితే ఇందులో తప్పుండటానికి వీల్లేదు. దించండి."

హార్డ్‌వేర్ మేయరు ఏదో అనబోయి, ఆవిడ మొహం చూసి, తాడు విప్పాడు.

పచ్చిక మీద

కార్యక్రమంలో తర్వాత ఊరేగింపు ఉంది. బ్యాండువాళ్ళు కాసేపు ఎదురుచూసి, తమంతట తాము వాయించుకుంటూ వీధిలోకి వెళ్ళిపోయారు. మేపుల్ చెట్ల కింద ఒక బల్ల వేశారు. నీడ అబద్ధం అలా నిజంగానే పనికొచ్చింది. కుట్టిన ఆడవాళ్ళే సంచుల్లోంచి చిన్న కత్తెరలు తీశారు. నేనూ చీర కొంగు దోపుకుని కూర్చున్నాను. సూది నాకు కొత్త కాదు. హెండ్రికా మాత్రం పొలుసుల దగ్గరికి నన్ను రానివ్వలేదు, అంచు విప్పమంది. ఆపరేషన్ బల్లమీద నా మాట విన్న మనిషి ఈ బల్ల దగ్గర నాకే ఆర్డర్లు వేసింది.

మావారు లెమనేడ్ గ్లాసులు అందరికీ ఇచ్చి, ఆదివారం గ్యాస్ దొరకదని గుర్తొచ్చి ట్యాంకు నింపుకుని వచ్చారు. అప్పటికి చేప పూర్తిగా ఊడి, తెల్లగా, ఒంటరిగా బల్లమీద పడుంది. జెండా మధ్యలో కంత. దాంట్లోంచి పచ్చిక కనపడుతోంది.

మేయరు దూరంగా నిలబడి చూస్తున్నాడు. కోటు విప్పి కుర్చీకి తగిలించి, వచ్చి హెండ్రికా పక్కన కూర్చున్నాడు. డచ్చిలో ఏదో అడిగాడు. ఆవిడ ఒక కత్తెర ఇచ్చి, బురుజు ఉన్న ఎర్రగుడ్డ అంచు చూపించింది. పొడుగు వేళ్ళు, పని రాదు. అయినా ఒక్కొక్క పోగే పట్టుకుని లాగడం మొదలుపెట్టాడు. అరుస్తూ వెళ్తున్న పిల్లలు, బ్యాండు, బండిమీద పొంగణాల వాసన, ఏదీ ఆయనకి పట్టలేదు. కాసేపటికి కళ్ళజోడు తీసేశాడు. అందరం చూడనట్టు మా పనిలోకి వంగాం.

హెండ్రికా మాత్రం చూసింది. ఆయనకి డచ్చిలో ఒక మాట చెప్పి, మాకోసం ఇంగ్లీషులో మళ్ళీ అంది.

"గుడ్డమీద పడనీయకు. ఎరుపు రంగు దిగుతుంది."

ఆయన జేబురుమాలు తీసి మొహం తుడుచుకుని, చేతులు కూడా తుడుచుకుని, మళ్ళీ పోగు అందుకున్నాడు.